అది పరధ్యానం కాదు: డాక్టర్ హ్యూలింగ్స్ జాక్సన్ జీవితం



స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు, బడి ఆవరణలోని చింతచెట్టు గురించో, డ్రిల్లు సారు విజిల్ గురించో రాస్తానని అనుకొని ఉంటారు. అవి నాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది మన ప్రొద్దుటూరును గానీ, పెన్నానదిని గానీ ఎన్నడూ చూడని ఒక ఇంగ్లీషు డాక్టరు గురించి. పేరు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్. 1911లోనే చనిపోయారు. ఆయన కథ ఈ సంచికలో ఎందుకంటారా, దానికి కారణం మన ఎనిమిదో తరగతి గదిలోనే ఉంది.

ఆ ఏడు నేను క్లాసు లీడరును. జమ్మలమడుగు పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అబ్బాయి ఒకడు మాతో ఉండేవాడు. లెక్కల్లో మా అందరికంటే చురుకు. కానీ నెలలో నాలుగైదు సార్లు, ఉన్నట్టుండి అతని చూపు ఒకచోట నిలిచిపోయేది. నోట్లో ఏదో ఉన్నట్టు చప్పరించేవాడు. ఒక చేత్తో చొక్కా గుండీని పట్టుకుని పిసుకుతుండేవాడు. ఒకటి రెండు నిమిషాలంతే. ఆ సమయంలో పిలిస్తే పలికేవాడు కాదు. తర్వాత ఎక్కడున్నాడో తెలియనట్టు చుట్టూ చూసేవాడు. అప్పటిదాకా సారు చెప్పిన పాఠం అతనికి గుర్తుండేది కాదు.

మేమంతా దాన్ని పరధ్యానం అన్నాము. కొందరు పొగరన్నారు. పాఠంలో పలకనివాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం లీడరుగా నా పని. అతని పేరు నేను ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. రాసినన్నిసార్లూ అతనికి బెత్తం దెబ్బలు పడ్డాయి. కింద పడి కొట్టుకోలేదు, నోట్లో నురగ రాలేదు. కాబట్టి అది మూర్ఛ అని ఎవరికీ తోచలేదు. తొమ్మిదో తరగతికి అతను రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, నేను జీవశాస్త్రం టీచరునయ్యాక, మెదడు పాఠం కోసం పుస్తకాలు తిరగేస్తుంటే జాక్సన్ చూసిన రోగుల వివరాలు కంటపడ్డాయి. చూపు నిలిచిపోవడం, నోరు చప్పరించడం, చేతులు ఏదో ఒకటి పిసకడం, తర్వాత ఏమీ గుర్తులేకపోవడం. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అందులో ఉన్నది మా తరగతి అబ్బాయే.

పల్లెటూరి పిల్లవాడు

జాక్సన్ 1835 ఏప్రిల్ 4న ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, గ్రీన్ హామర్టన్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి శామ్యూల్ సొంత భూమి ఉన్న రైతు, బీరు తయారీ కూడా చేసేవాడు. తల్లి సారా వేల్స్ ప్రాంతపు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. హ్యూలింగ్స్ అన్నది ఆమె పుట్టింటి పేరు. కొడుక్కు ఏడాది దాటిన కొద్దికాలానికే ఆమె చనిపోయింది. తల్లిని గుర్తు పెట్టుకునే వయసు కాదది. ఆమె పుట్టింటి పేరు మాత్రం ఆయన పేరులో కడదాకా నిలిచింది. అన్నలు ముగ్గురు పెద్దయ్యాక న్యూజిలాండ్‌కు వలస వెళ్ళారు.

ఆయన చదువు పల్లె బళ్ళలోనే సాగింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి పేరున్న చోట్ల చదవలేదు. పదిహేనేళ్ళ ప్రాయంలో దగ్గర్లోని యార్క్ నగరంలో ఒక డాక్టరు దగ్గర పని నేర్చుకోవడానికి చేరి, అక్కడి చిన్న వైద్య పాఠశాలలో పాఠాలు విన్నారు. అక్కడ చెప్పినవారిలో థామస్ లేకాక్ ఒకరు. వెన్నుపాము లాగానే మెదడు కూడా ప్రేరణకు ప్రతిస్పందించే అవయవమేనని, దాన్ని వేరే లోకంలాగా చూడనక్కర లేదని వాదించిన మనిషి లేకాక్. ఆ మాట జాక్సన్ మనసులో విత్తనంలా పడింది. తర్వాత లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చదివి, 1856లో వైద్యం చేసే అర్హత సంపాదించారు. మళ్ళీ యార్క్ వచ్చి పేదల వైద్యశాలలో మూడేళ్ళు పనిచేశారు.

సీనియర్ పట్టిన చేయి

పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళం కాబట్టి ఈ ఘట్టం మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1859లో జాక్సన్ లండన్ వెళ్ళారు. చేతిలో డబ్బు లేదు, పలుకుబడి లేదు. పైగా వైద్యం మీద మనసు విరిగి, దాన్ని వదిలేసి తత్వశాస్త్రం వైపు పోదామనే ఆలోచనలో ఉన్నారు. అప్పుడు ఆయన్ను ఆపినది జోనథన్ హచిన్సన్. ఈయనా యార్క్‌షైర్ వాడే. అదే యార్క్ వైద్య పాఠశాలలో జాక్సన్ కంటే ముందు చదివిన సీనియర్. లండన్‌లో అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నారు.

హచిన్సన్ తమ బడి నుంచి వచ్చిన ఆ కుర్రవాణ్ణి తన ఇంట్లో పెట్టుకున్నారు. ఆసుపత్రుల్లో తిరిగి రోగుల వివరాలు రాసే పని వైద్య పత్రికలో ఇప్పించారు. ఆసుపత్రుల్లో అడుగుపెట్టే దారి చూపారు. ఆ పత్రిక పనితో జాక్సన్‌కు ఒక అలవాటు పడింది. చూసినదాన్ని చూసినట్టు, ఏదీ వదలకుండా రాసుకోవడం. తర్వాత ఆయన చేసినదంతా ఆ అలవాటు మీదే నిలబడింది. ఒక సీనియర్ ఆ రోజు ఆ చేయి పట్టుకోకపోతే, మెదడు వైద్యం ఇంకెన్నేళ్ళు చీకట్లో తడుముకునేదో.

మంచం పక్కన కూర్చున్న డాక్టరు

1862లో జాక్సన్ లండన్‌లోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో సహాయ వైద్యుడిగా చేరారు. పక్షవాతం, మూర్ఛ రోగుల కోసమే ప్రత్యేకంగా పెట్టిన ఆసుపత్రి అది. దాన్ని మొదలుపెట్టినవారు డాక్టర్లు కాదు. తమను పెంచిన అవ్వకు పక్షవాతం వస్తే ఎక్కడా చోటు దొరక్క బాధపడిన చాండ్లర్ అనే ఇంటి అక్కచెల్లెళ్ళు చందాలు పోగుచేసి పెట్టించారు. జాక్సన్ అక్కడ నలభై ఏళ్ళకు పైగా, 1906 దాకా పనిచేశారు. దాంతోపాటు పేదలు ఎక్కువగా వచ్చే లండన్ ఆసుపత్రిలోనూ ఏళ్ళ తరబడి ఉన్నారు.

ఆ కాలంలో మూర్ఛ అంటే ఒళ్ళంతా కొట్టుకుని స్పృహ తప్పే జబ్బు అనే లెక్క. అది ఎక్కడ పుడుతుందో ఎవరికీ సరిగా తెలియదు. మెదడు అడుగుభాగంలో అనేవారు చాలామంది. దయ్యం, శాపం, పాపం అనేవారు అక్కడా తక్కువేమీ కాదు. మందుల్లో చెప్పుకోదగ్గది 1857లో వాడుకలోకి వచ్చిన బ్రోమైడ్ ఒక్కటే.

జాక్సన్ మూర్ఛ ముగిసిన తీరును కాకుండా మొదలైన తీరును చూశారు. కొందరిలో అది బొటనవేలి అదురుతో మొదలవుతుంది. అక్కణ్ణుంచి మణికట్టుకు, మోచేతికి, భుజానికి, ముఖానికి, తర్వాత అదే పక్క కాలికి వరసగా పాకుతుంది. కళ్ళంలో ఒక వామికి నిప్పంటుకుంటే పక్క వామికి, దాని పక్కదానికి పోయినట్టు. నిప్పు పాకిన వరసను బట్టి అవి ఎలా పేర్చి ఉన్నాయో చెప్పవచ్చు. అలాగే అదురు పాకిన వరసను బట్టి, మెదడు పైపొరలో శరీర భాగాలకు ఒక వరస ఉండి ఉండాలని ఆయన అనుమానించారు. ఆయన చేతిలో అప్పుడు ఎక్స్‌రే లేదు, స్కానింగ్ లేదు, మెదడు విద్యుత్తును కొలిచే యంత్రమూ లేదు. రోగి ఇంటివాళ్ళను ఓపికగా అడగడం, రోగి చనిపోతే మెదడును పరీక్షించడం, ఇంతే ఆధారం.

1870లో మూర్ఛల మీద ఆయన పెద్ద వ్యాసం వచ్చింది. అదే ఏడు బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు కుక్క మెదడు పైపొరకు స్వల్పంగా విద్యుత్తు తాకించి, తాకించిన చోటును బట్టి వేర్వేరు అవయవాలు కదలడం చూపారు. 1873లో డేవిడ్ ఫెరియర్ జాక్సన్ సొంత యార్క్‌షైర్‌లోనే ఇంకా విస్తారంగా ప్రయోగాలు చేసి, మంచం పక్కన కూర్చుని ఆయన ఊహించినది నిజమని నిరూపించారు. ఫెరియర్ 1876లో అచ్చేసిన తన పుస్తకాన్ని జాక్సన్‌కే అంకితమిచ్చారు.

1873లోనే జాక్సన్ మూర్ఛకు కొత్త నిర్వచనం ఇచ్చారు. మెదడులోని బూడిదరంగు పదార్థంలో, అంటే కణాలు గుమిగూడి ఉండే భాగంలో, ఏదో ఒకచోట కొన్ని కణాలు అప్పుడప్పుడు, హఠాత్తుగా, అతిగా, వేగంగా తమలోని శక్తిని ఒక్కసారి బయటికి వదలడమే మూర్ఛ అన్నది దాని సారం. ఇప్పుడు వింటే మామూలు మాటలాగా ఉంటుంది. కానీ వేల ఏళ్ళుగా గాలికీ గ్రహానికీ అంటగట్టిన జబ్బును కణాల దగ్గరికి తెచ్చి నిలబెట్టిన మాట అది.

ఇంట్లో వెలితి

1865లో జాక్సన్ తన బంధువుల అమ్మాయి ఎలిజబెత్‌ను పెళ్ళాడారు. పదకొండేళ్ళ కాపురం. పిల్లలు లేరు. 1876లో ఆమె మెదడు రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి చనిపోయింది. ఆ జబ్బులో ఆమెకు వచ్చినవి ఒక పక్కనే పాకే మూర్ఛలు. ఏ మూర్ఛలను గురించి ఆయన లోకానికి నేర్పారో, ఇప్పటికీ ఏ మూర్ఛలను ఆయన పేరుతోనే పిలుస్తారో, అవే. ఎక్కడ పుట్టి ఎటు పాకుతున్నాయో తెలిసిన మనిషి, వాటిని ఆపలేక చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మాన్‌చెస్టర్ స్క్వేర్‌లోని ఇంట్లో ఒంటరిగా మిగిలారు. సిగ్గరి, మృదువైన మాట. ఒకచోట ఎక్కువసేపు కూర్చోలేని మనిషి. నాటకానికి వెళితే సగంలో లేచి వచ్చేసేవారట. రైల్వే స్టేషన్లో నవల కొని, అట్టలు చింపి పారేసి, పుస్తకాన్ని రెండుగా చీల్చి చెరొక జేబులో పెట్టుకునేవారని చెప్పుకుంటారు. మన లైబ్రరీ సారు చూసి ఉంటే ఆయనకు ఇంకో పుస్తకం ఇచ్చేవారు కాదు.

దుఃఖంలో పని వదల్లేదు. 1878లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. అదే ఏడు మిత్రులతో కలిసి బ్రెయిన్ అనే పత్రికను మొదలుపెట్టారు. అది ఇప్పటికీ వస్తోంది. 1886 మే 25న క్వీన్ స్క్వేర్‌లో విక్టర్ హార్స్లీ ఇరవై రెండేళ్ళ యువకుడి మెదడులోంచి, చిన్నప్పుడు బండి కింద పడిన దెబ్బ వల్ల మిగిలిన మచ్చను తీసేశారు. ఎక్కడ కోయాలో చెప్పినది మూర్ఛ మొదలయ్యే తీరే. ఆ గదిలో జాక్సన్, ఫెరియర్ ఇద్దరూ నిలబడి ఉన్నారు.

కలలాంటి స్థితి

ఇక మా తరగతి అబ్బాయి దగ్గరికి వస్తాను. కొట్టుకోవడం, పడిపోవడం లేని మూర్ఛలు కూడా ఉన్నాయని జాక్సన్ గమనించారు. వాళ్ళలో కొందరికి ముందుగా లేని వాసన తగులుతుంది. కొందరికి కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు, కారణం లేని భయం. కొందరికి ఎన్నడూ చూడని చోటు ఇదివరకే చూసినట్టు, ఇప్పుడు జరుగుతున్నదంతా ఒకసారి జరిగిపోయినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత నోరు చప్పరిస్తూ, చేతులతో ఏదో పిసుకుతూ కాసేపు వేరే లోకంలో ఉంటారు. దీన్ని ఆయన కలలాంటి స్థితి అన్నారు.

ఆయన చూసిన రోగుల్లో ఒక వంటమనిషి ఉంది. ఆమెకు మూర్ఛ వచ్చినప్పుడల్లా భరించలేని కాలుడు వాసన వచ్చేది, వంట చేస్తున్న ఒక పొట్టి ఆడమనిషి కనబడేది. ఊళ్ళో అయితే గాలి సోకిందనేవారు. ఆమె చనిపోయాక చూస్తే, కణత లోపలి భాగంలో, డాక్టర్లు టెంపొరల్ లోబ్ అనే చోట, కుడిపక్క గడ్డ ఉంది.

అన్నింటికన్నా ముఖ్యమైన రోగి ఒక డాక్టరే. జాక్సన్ ఆయన్ను డాక్టర్ జెడ్ అని మాత్రమే రాశారు. చాలా దశాబ్దాల తర్వాతే ఆయన ఆర్థర్ థామస్ మైయర్స్ అని బయటపడింది. చదువుకున్నవాడు, తన జబ్బును తానే నిశితంగా గమనించుకున్నవాడు. ఒకనాడు రోగిని పరీక్షిస్తుండగా ఆయనకు ఆ స్థితి వచ్చింది. తెలివి వచ్చి చూసుకుంటే, రోగికి ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా అని తన చేతిరాతతోనే రాసి ఉంది, రోగిని వెళ్ళి పడుకోమని పంపేశారు కూడా. అదేదీ ఆయనకు గుర్తులేదు. మళ్ళీ పరీక్షిస్తే, రాసినది సరిగ్గానే ఉంది. బయటికి పనిచేస్తున్నట్టే ఉన్న మనిషి లోపల లేకపోవచ్చని ఇంతకంటే ఏం రుజువు కావాలి? మా అబ్బాయి కళ్ళు తెరుచుకుని కూర్చున్నాడు కాబట్టి వింటున్నాడని మేము అనుకున్నాము.

1894లో డాక్టర్ జెడ్ చనిపోయారు. వాల్టర్ కోల్మన్ అనే డాక్టరు ఆ మెదడును పరీక్షించారు. ఎడమపక్క టెంపొరల్ లోబ్ లోపలి అంచున, అంకస్ అనే చిన్న మెలిక దగ్గర, మెత్తబడి ఏర్పడిన ఒక చిన్న గుంత కనిపించింది. వాసనకూ రుచికీ సంబంధం ఉందని జాక్సన్ అనుకున్న చోటే అది. ఇద్దరూ కలిసి 1898లో దాన్ని ప్రకటించారు.

1911 అక్టోబర్ 7న జాక్సన్ న్యుమోనియాతో లండన్‌లో కన్నుమూశారు. హైగేట్ శ్మశానంలో సమాధి చేశారు.

ఆయనకు కనబడని కణాలు

జాక్సన్ చోటు చెప్పారు. ఆ చోటులో కణాలకు ఏమవుతుందో చెప్పే పనిముట్లు ఆయన చేతిలో లేవు. ఆ పని వేరేవాళ్ళు చేశారు. టెంపొరల్ లోబ్ లోపల, అంకస్‌కు ఆనుకుని హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుందని ఆ పేరు. పక్కకొకటి చొప్పున రెండుంటాయి. కొత్త జ్ఞాపకాలను పదిలం చేసేది అదే. మూర్ఛరోగుల్లో ఆ భాగం గట్టిపడి ఉండటాన్ని 1825లోనే పారిస్‌లో ఇద్దరు డాక్టర్లు చూశారు. 1880లో జర్మన్ డాక్టరు విల్హెల్మ్ సోమర్ మైక్రోస్కోపుతో చూసి, అందులో ఒక ప్రత్యేకమైన వరసలోని నాడీకణాలు రాలిపోయి ఉన్నాయని చూపారు. ఆ భాగానికి ఇప్పటికీ ఆయన పేరే.

తర్వాతి వందేళ్ళలో తెలిసిన సంగతులను మన కాలువల భాషలో చెబుతాను. హిప్పోక్యాంపస్ ముఖద్వారంలో గ్రాన్యూల్ కణాలు అనే చిన్న కణాల బారు ఉంటుంది. కాలువకు తూము ఎలాగో, ఇది అలాగ. బయటి నుంచి వచ్చే సందేశాలను కొద్దికొద్దిగా, అవసరమైనంతే లోపలికి వదులుతుంది. ఆ తూమును బిగించి ఉంచేవి నెమ్మది పరిచే కణాలు. ఈ జబ్బులో తూము వెనుక ఉన్న కొన్ని కణాలు చనిపోతాయి. నెమ్మది పరిచేవాటిలోనూ కొన్ని పోతాయి. మిగిలినవాటిని పనికి లేపే కణాలూ పోతాయి. అప్పుడు గ్రాన్యూల్ కణాల తంతువులు, నాచులాగా కనబడతాయి కాబట్టి వాటిని మాసీ ఫైబర్లు అంటారు, తాము అందవలసిన కణాలు లేక, కొత్త కొమ్మలు వేసి వెనక్కు తిరిగి తమ బారులోని కణాలనే అతుక్కుంటాయి. తూము దాటిన నీళ్ళు తిరిగి తూము పైకే వచ్చినట్టు, ఒక కణం రేగితే ఆ ఉద్రేకం చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. నాడీకణాలు పోయిన ఖాళీలో నక్షత్ర ఆకారపు ఆస్ట్రోసైట్ కణాలు నిండి మచ్చ కడతాయి. చుట్టూ పోగయ్యే పొటాషియంను, గ్లూటమేట్ అనే ఉద్రేక రసాయనాన్ని తుడిచేసే పని అవి మునుపటిలాగా చేయలేవు. ఇన్ని మార్పులు ఒకచోట చేరితే, జాక్సన్ చెప్పిన ఆ హఠాత్తు విడుదలకు చోటు సిద్ధమైనట్టే.

కణాలు పోవడం వల్ల మూర్ఛలు వస్తాయా, మూర్ఛల వల్ల కణాలు పోతాయా అంటే అది చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే. రెండూ జరుగుతాయని ఇప్పుడు అనుకుంటున్నారు. ఈ రోగుల్లో చాలామందికి పసితనంలో జ్వరంతోపాటు చాలాసేపు ఆగని ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటుంది. జ్వరంలో వచ్చే మామూలు చిన్న ఫిట్స్‌కు భయపడనక్కర లేదు, అవి చాలామంది పిల్లల్లో హాని చేయకుండానే పోతాయి. కానీ ఆగని ఫిట్స్‌ను తెల్లారి చూద్దాంలే అని వదలకూడదు. అలాగే మన దేశంలో ఫిట్స్‌కు ఇంకో ముఖ్య కారణం, కడగని కూరగాయలు, శుభ్రం లేని నీళ్ళ ద్వారా లోపలికి పోయిన బద్దెపురుగు గుడ్లు మెదడులో తిత్తులు కట్టడం. పంది మాంసం ముట్టనివాళ్ళకూ ఇది రావచ్చు.

మన ఊళ్ళలో మనం చేయగలిగేది

జాక్సన్ చనిపోయిన మరుసటి ఏడే, 1912లో, ఫినోబార్బిటల్ మూర్ఛకు పనిచేస్తుందని తెలిసింది. 1929లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్తును కాగితం మీద గీయించి చూపారు. ఈ రోజు మూర్ఛ ఉన్న పదిమందిలో సుమారు ఏడుగురికి మాత్రలతోనే అదుపులోకి వస్తుంది. టెంపొరల్ లోబ్ మూర్ఛ మాత్రలకు లొంగనివాళ్ళకు ఆపరేషన్ ఉంది. 2001లో కెనడాలో 80 మందిని రెండు సగాలుగా విడదీసి చూస్తే, ఆపరేషన్ వైపు వేసిన వారిలో 58 శాతం మంది ఏడాది తర్వాత స్పృహ తప్పించే మూర్ఛలు లేకుండా ఉన్నారు. మందులు మాత్రమే వాడినవారిలో అది 8 శాతం. మన సీమవాళ్ళకు బాగా అలవాటైన రాయవేలూరులోనే, డాక్టర్ జాకబ్ చాండీ 1949లో దేశంలో మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని తెరిచారు. హైదరాబాదు నిమ్స్‌లో, తిరువనంతపురం శ్రీ చిత్రలో మూర్ఛకు ఆపరేషన్లు చేస్తున్నారు.

వైద్యం ఇంత దగ్గరికి వచ్చినా, మన దగ్గర జబ్బు కంటే జబ్బును దాచడం పెద్ద కష్టంగా ఉంది. ముఖ్యంగా ఆడపిల్ల అయితే, పెళ్ళి కాదేమోనని డాక్టరుకు కూడా చూపించరు. మూర్ఛ ఉంటే పెళ్ళి చెల్లదనే మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. చట్టం మారి ఇన్నేళ్ళయినా మన వసారాల్లో మాట మారలేదు.

నేను పులివెందుల వైపు పనిచేస్తున్నప్పుడు, తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి సరిగ్గా మా అబ్బాయి లాగానే ఉన్నట్టుండి ఆగిపోయేది. ఈసారి నేను బోర్డు మీద పేరు రాయలేదు. వారం రోజులు గమనించి, ఏ సమయంలో, ఏ చేయి కదిలింది, ఎంతసేపు, తర్వాత ఏం మాట్లాడింది అన్నీ ఒక కాగితం మీద రాశాను. వాళ్ళ నాయన మొదట కోప్పడ్డాడు, తర్వాత భయపడ్డాడు, ఆఖరికి నాతోపాటు నరాల డాక్టరు దగ్గరికి వచ్చాడు. డాక్టరు స్కానింగ్ కంటే ముందు ఆ కాగితం చదివారు. మాత్రలతో ఆ అమ్మాయి పదో తరగతి పాసయింది. నేను చేసినది జాక్సన్ చేసిన పనే, చూసినది చూసినట్టు రాయడం. ఇప్పుడైతే సెల్‌ఫోన్లో వీడియో తీసి చూపించవచ్చు.

ఉపాధ్యాయ మిత్రులకు నాలుగు మాటలు. పిల్లవాడు కింద పడి కొట్టుకుంటుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తనిది పెట్టండి, గడియారం చూడండి. చేతిలో ఇనుప బీగాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. ఐదు నిమిషాలు దాటితే, లేదా తెలివి రాకుండా రెండోసారి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పడిపోకుండా చప్పరిస్తూ, తడుముకుంటూ ఉండే పిల్లలను గట్టిగా పట్టుకోకండి, అరవకండి. మెట్లు, బావి, రోడ్డు వైపు పోకుండా పక్కనే ఉండండి. తెలివి వచ్చాక జరిగిన పాఠం మళ్ళీ చెప్పండి. మాత్రలు వేసుకునే పిల్లలు డాక్టరు చెప్పకుండా మానకుండా చూడండి. ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద అచ్చు వేయించి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బళ్ళన్నింటికీ మన సంఘం తరఫున పంచితే, స్వర్ణోత్సవానికి అంతకంటే మంచి గుర్తు ఉండదని నా మనవి. అచ్చు ఖర్చు నేను పెట్టుకుంటాను.

చివరిగా ఒక విన్నపం. ఈ సంచిక వెనుక పేజీల్లో మన బ్యాచ్ చిరునామాల జాబితా ఉంది. అందులో ఒక పేరు ఎదురుగా ఏమీ లేదు. మా అబ్బాయి పేరే అది. ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో యాభై ఏళ్ళలో ఎవరం కనుక్కోలేదు. తెలిసినవాళ్ళు దయచేసి సంఘానికి చెప్పండి. నేనే వెళ్ళి కలుస్తాను. వినకుండా కూర్చున్నాడని అతని పేరు అన్నిసార్లు రాసినవాణ్ణి నేనే. అతను వినలేకపోయాడని ఇప్పుడు నాకు తెలుసు. ఆ మాట అతనికి చెప్పాలి.